నిషేధం ఎవరిని కాపాడింది?

2025 ఆగస్టు 20న లోక్‌సభ ముందుకొచ్చిన ఆన్‌లైన్ గేమింగ్ బిల్లు ఆ రోజే గట్టెక్కింది. మర్నాడు రాజ్యసభ దాటింది. 22న రాష్ట్రపతి సంతకం పడింది. బిహార్ ఓటర్ల జాబితా సవరణ మీద ప్రతిపక్షాల నినాదాలు హోరెత్తుతుంటే, ఆ గోలలోనే చర్చ లేకుండా మూజువాణి ఓటుతో పని ముగిసింది. నైపుణ్యంతో గెలిచే ఆటైనా, అదృష్టం మీద నడిచే ఆటైనా, డబ్బు పెట్టించి ఆన్‌లైన్‌లో ఆడించినవారికి మూడేళ్ల వరకు జైలు, కోటి రూపాయల వరకు జరిమానా. ప్రకటనలు ఇచ్చినవారికి రెండేళ్లు, యాభై లక్షలు. ఆడినవాడికి మాత్రం శిక్ష లేదు. అతను బాధితుడని ప్రభుత్వం చెప్పింది.

తెలుగునాట ఈ చట్టానికి హారతి పట్టనివాళ్లు అరుదు. కుడి, ఎడమ పక్షాలవాళ్లు, పోలీసు అధికారులు, స్త్రీవాద సంఘాలు, గుడి ముందు ప్రవచనం చెప్పే పెద్దలు, అందరిదీ ఒకటే మాట: పీడ విరగడైంది. వ్యక్తి స్వేచ్ఛ అనే మాట ఎవరైనా ఎత్తితే, కొడుకును పోగొట్టుకున్న తండ్రి దగ్గరికెళ్లి ఆ మాట చెప్పమంటారు. ఆ జవాబు ముందు ఎవరికీ నోరు పెగలదు. అయితే ఆ తండ్రికి ఈ చట్టం ఏం చేసిందన్న ప్రశ్న కూడా దాంతోపాటే మూగబోతోంది.

అడగవలసినది ఆ ప్రశ్నే. ఎందుకంటే దేశం మొత్తం 2025లో మొదలుపెట్టిన ఈ ప్రయోగాన్ని తెలుగువాళ్లు అప్పటికే చేసి చూశారు. తెలంగాణ ప్రభుత్వం 2017 జూన్‌లో ఆర్డినెన్సు తెచ్చి 1974 నాటి గేమింగ్ చట్టాన్ని సవరించింది. నైపుణ్యపు ఆటలకు ఉన్న మినహాయింపును తీసేసి, ఆన్‌లైన్ రమ్మీని కూడా జూదంలో కలిపింది. ఆంధ్రప్రదేశ్ 2020 సెప్టెంబర్‌లో అదే బాట పట్టింది. అక్కడ ఆడినవాడికి కూడా ఆరు నెలల వరకు జైలు పెట్టారు. అంటే ఇవాళ్టి కేంద్ర చట్టం కన్నా ఒక ఆకు ఎక్కువే.

ఫలితం చూద్దాం. నిషేధం తెచ్చిన రెండు నెలలు తిరగకముందే, 2020 అక్టోబర్‌లో, అప్పటి ఆంధ్రప్రదేశ్ ముఖ్యమంత్రి జగన్‌మోహన్ రెడ్డి కేంద్ర ఐటీ మంత్రికి లేఖ రాశారు. 132 వెబ్‌సైట్లు, యాప్‌లు రాష్ట్రంలో తెరుచుకోకుండా చూడమని కోరారు. చట్టం తన చేతిలో ఉన్నా తాళం తన చేతిలో లేదని ఒక ముఖ్యమంత్రి స్వయంగా ఒప్పుకున్న లేఖ అది. తెలంగాణలో నిషేధానికి ఎనిమిదో ఏడు నడుస్తుండగా, 2025 మార్చిలో, బెట్టింగ్ యాప్‌లకు ప్రచారం చేశారన్న ఆరోపణ మీద సినిమా నటులు, యూట్యూబర్లు కలిపి పాతికమందిపై మియాపూర్ పోలీసులు కేసు పెట్టారు. అప్పుడు ఆర్టీసీ ఎండీగా ఉన్న సజ్జనార్ సోషల్ మీడియాలో ఆ యాప్‌ల మీద యుద్ధమే ప్రకటించారు. అదే నెల ముఖ్యమంత్రి రేవంత్ రెడ్డి శాసనసభలో ప్రత్యేక దర్యాప్తు బృందాన్ని (సిట్) ప్రకటించి, ఉన్న చట్టాన్ని ఇంకా బిగిస్తామన్నారు. నిషేధం పనిచేసిన చోట ఎనిమిదేళ్ల తర్వాత సిట్ ఎందుకు? నిషేధించిన రాష్ట్రంలోనే ఇంటింటికీ ఆ యాప్ ఎలా చేరింది?

జవాబు చిన్నది. చట్టానికి భయపడేవాడు వెళ్లిపోయాడు, భయపడనివాడు ఉండిపోయాడు.

దేశంలో ఆన్‌లైన్ రమ్మీకి తొలినాళ్ల నుంచి పేరున్న కంపెనీల్లో ఒకటి హైదరాబాదుదే, ఏస్‌2త్రీగా మొదలై ఏ23గా మారిన హెడ్ డిజిటల్ వర్క్స్. 2017 తర్వాత అలాంటి కంపెనీలు తెలంగాణ ఆటగాళ్లకు తలుపులు మూశాయి. హైదరాబాదులో కూర్చుని హైదరాబాదు వాళ్లను తప్ప మిగతా దేశాన్ని ఆడించే వింత ఏర్పాటు అలా వచ్చింది. వాటికి ఆఫీసు ఉంది, పాన్ నంబరు ఉంది, బ్యాంకు ఖాతా ఉంది, నోటీసు పంపితే అందుకునే చిరునామా ఉంది. అందుకే అవి చట్టం మాట విన్నాయి. కురసావోలోనో సైప్రస్‌లోనో రిజిస్టరైన సైటుకు ఇవేవీ అక్కర్లేదు. ఒక చిరునామాను అడ్డుకుంటే చివర ఒక అంకె మార్చుకుని మర్నాటికి మళ్లీ తెరుచుకుంటుంది. టెలిగ్రామ్ గ్రూపులో లింకు వస్తుంది, వాట్సాప్‌లో ‘ఐడీ’ అమ్ముతారు, ఎవరో కూలీ పేరున తెరిచిన ఖాతాలోకి యూపీఐలో డబ్బు వెళుతుంది. గెలిచినవాడికి ఇవ్వకపోతే అడిగే దిక్కుండదు.

ఈ చిట్టా విమర్శకులు కట్టింది కాదు, ప్రభుత్వానిదే. 2022 నుంచి 2025 జూన్ దాకా బెట్టింగ్, జూదం, గేమింగ్ సైట్ల మీద 1,524 నిరోధక ఆదేశాలు ఇచ్చామని కేంద్రం పార్లమెంటుకు చెప్పింది. జీఎస్టీ నిఘా విభాగం 2025 మార్చిలో విదేశీ సైట్లు 357 మూయించామనీ, దాదాపు 700 విదేశీ సంస్థలు తమ పరిశీలనలో ఉన్నాయనీ ప్రకటించింది. ఇవన్నీ కొత్త చట్టం రాకముందే ఉన్న అధికారాలతో చేసిన పనులు. కొత్త చట్టం కొత్తగా చేసిందల్లా, నియమాలకు కట్టుబడతామన్న కంపెనీలను కూడా మూయించడం. డ్రీమ్11 రోజుల్లోనే డబ్బు ఆటలు ఆపేసింది, భారత క్రికెట్ జెర్సీ మీద దాని పేరు పోయింది. 700 విదేశీ సంస్థలకు మాత్రం మూసుకోవలసిన ఆఫీసే ఇక్కడ లేదు.

నిషేధవాదుల చేతిలో బలమైన ఆయుధం ఒకటుంది, దాన్ని తేలిగ్గా తీసుకోకూడదు. యాప్ అనేది ఊరి బయట చెట్టు కింది పేకాట కాదంటారు వాళ్లు. అది జేబులో ఉంటుంది, తెల్లవార్లూ పిలుస్తుంది, ఓడినవాడికి బోనస్ ఎరవేస్తుంది, ఎవరు ఎప్పుడు మెత్తబడతారో లెక్కగట్టి సరిగ్గా అప్పుడే మెసేజ్ పంపుతుంది. ఇలాంటి యంత్రం ముందు కూర్చున్నవాడికి స్వేచ్ఛ ఎక్కడిది? నిజమే. ఈ మాటను కాదనేవాళ్లు గేమింగ్ కంపెనీల లాయర్లే అయి ఉండాలి. నైపుణ్యం అన్న మాట చాటున ఆ కంపెనీలు సాగించిన దోపిడీ తక్కువేం కాదు. తారలతో ప్రకటనలు ఇప్పించి, చివర ఊపిరి తిప్పుకోకుండా ‘వ్యసనంగా మారవచ్చు, ఆర్థిక నష్టం ఉండవచ్చు’ అని చదివించి చేతులు దులుపుకున్నాయి.

కానీ ఈ వాదన ఎటు దారి తీస్తోందో చూడండి. తప్పు యంత్రం తయారీలో ఉందంటే, దిద్దవలసింది తయారీని. రాత్రిపూట ఆపడం, రోజుకింత అని పరిమితి పెట్టడం, బోనస్ ఎర తీసేయడం, ప్రకటనలు బంద్ చేయడం, ‘నన్ను ఆడనివ్వకండి’ అని ఎవరైనా రాసిస్తే అన్ని సైట్లలోనూ ఒకేసారి తలుపు మూయడం, ఇవన్నీ చేయించవచ్చు. ఎవరితో? చిరునామా ఉన్నవాడితో. అతన్ని వెళ్లగొట్టాక ఏ నిబంధన ఎవరికి చెప్పాలి?

ప్రభుత్వం చెప్పిన ఒక లెక్కే ఇక్కడ కళ్లు తెరిపిస్తుంది. దేశంలో 45 కోట్లమంది ఈ ఆటల్లో ఏటా 20,000 కోట్ల రూపాయలు పోగొట్టుకుంటున్నారని బిల్లుకు సమర్థనగా చెప్పారు. భాగించి చూస్తే మనిషికి ఏడాదికి సుమారు 444 రూపాయలు. రెండు సినిమా టికెట్ల డబ్బు. ఆ సగటు అబద్ధమని ఎవరికైనా తెలుస్తుంది. అత్యధికులు పోగొట్టుకునేది ఏమంత ఉండదు, కొద్దిమంది మాత్రం ఇల్లూ పొలమూ అమ్ముకునేంత పోగొట్టుకుంటారు. చేయి అందించవలసింది ఆ కొద్దిమందికి. వాళ్లెవరో తెలియాలంటే ఎవరు ఎంత పెడుతున్నారన్న పద్దు ఎక్కడో ఒకచోట ఉండాలి. లైసెన్సు ఉన్న కంపెనీ దగ్గర ఆ పద్దు ఉంటుంది, ప్రభుత్వం అడిగి తీసుకోవచ్చు. వాట్సాప్ ఐడీ అమ్మేవాడి దగ్గర కూడా ఉంటుంది. అతను దాన్ని ఇంకో విధంగా వాడతాడు.

ప్రాణాలు తీసినది ఆట ఒక్కటే కాదన్న సంగతి కూడా మరిచిపోతున్నారు. 2020 చివర్లో తెలంగాణలో లోన్ యాప్‌ల వేధింపులకు వరసగా ఆత్మహత్యలు జరిగాయి. ఫోన్‌లోని నంబర్లన్నిటికీ బూతు మెసేజ్‌లు పంపి పరువు తీసే ఏజెంట్లు, వాళ్ల కాల్ సెంటర్లు హైదరాబాదు పోలీసుల దాడుల్లో బయటపడ్డాయి. ఆ తర్వాతే, 2022లో, రిజర్వు బ్యాంకు డిజిటల్ అప్పులకు నియమాలు పెట్టింది. గమనించండి, అప్పును నిషేధించలేదు. అప్పు ఎవరి ఖాతాలోంచి ఎవరి ఖాతాకు పోవాలో, ఫోన్‌లో ఏం చూడకూడదో చెప్పింది. బెట్టింగ్‌లో ఓడినవాణ్ణి ఊపిరాడకుండా చేసేది చాలాసార్లు ఇలాంటి అప్పే.

ఇక ఈ ప్రభుత్వాలకు జూదం అంటే నిజంగా అంత ఏవగింపా?

పణజిలో మాండవి నది మీద కాసినో ఓడలు వెలుగుతూనే ఉన్నాయి. హైదరాబాదు నుంచి విమానమెక్కి వెళ్లివచ్చేవారికి ఏ చట్టమూ అడ్డు లేదు. మలక్‌పేటలో గుర్రాలు పరిగెడుతూనే ఉన్నాయి. వాటి మీద పందెం నైపుణ్యమేనని 1996లో సుప్రీంకోర్టు చెప్పింది మరి. కేరళ ప్రభుత్వం 1967 నుంచి లాటరీ నడుపుతోంది, ఓణం బంపర్‌కు 25 కోట్ల మొదటి బహుమతి ఇస్తోంది. ఆ టికెట్ కొనేవాళ్లు కోటీశ్వరులేం కాదు. 2025 సెప్టెంబర్‌లో, అంటే నిషేధం వచ్చి నెల తిరగకుండానే, జీఎస్టీ కౌన్సిల్ లాటరీ, కాసినో, గుర్రప్పందాల మీద పన్నును 40 శాతానికి పెంచింది. ఆ జాబితాలో ఆన్‌లైన్ డబ్బు ఆటల పేరు కూడా ఉంది. నేరమన్నదాని మీదే పన్ను రేటు రాసుకున్న ముచ్చట ఇది.

భీమవరం సంగతి సరేసరి. కోడిపందేలు 1974 చట్టం కిందా నేరమే, జంతుహింస నివారణ చట్టం కిందా నేరమే. హైకోర్టు ఎన్నోసార్లు ఆపమంది. ఏటా సంక్రాంతికి నాయకులే బరులు ప్రారంభిస్తారు, పక్కనే గుండాట, లోనా బయటా లాంటి జూదాలు సాగిపోతాయి. భోగి ముందు రోజు దాకా పోలీసుల హెచ్చరికలు, ఆ మూడు రోజులూ పోలీసుల మౌనం. పెద్దవాళ్ల జూదానికి సంప్రదాయం అన్న పేరు సులభంగా దొరుకుతుంది.

అసలైన పోలిక షేర్ మార్కెట్‌తో. ఫ్యూచర్స్ అండ్ ఆప్షన్స్‌లో మామూలు మదుపరుల నష్టాలను మార్కెట్ నియంత్రణ సంస్థ సెబీ లెక్కగట్టింది. 2022 నుంచి 2024 వరకు మూడు ఆర్థిక సంవత్సరాల్లో 93 శాతం మంది నష్టపోయారు, మొత్తం నష్టం 1.8 లక్షల కోట్లు దాటింది. 2024-25లో ఒక్క ఏడాదే లక్ష కోట్లకు పైన. ఆన్‌లైన్ ఆటల్లో పోయిందని ప్రభుత్వం చెప్పినదానికి ఇది అయిదు రెట్లు. ఇక్కడా అదే ఫోన్, అదే కుర్రాడు, యూట్యూబ్‌లో అదే తరహా గురువులు. మరి దీన్ని నిషేధించారా? లేదు. సెబీ 2024 అక్టోబర్‌లో కాంట్రాక్టు కనీస విలువను 15 లక్షలకు పెంచింది, వారం వారం ముగిసే కాంట్రాక్టులను ఒక్కో ఎక్స్ఛేంజికి ఒకదానికి కుదించింది, ముందస్తు డబ్బు విషయంలో పట్టు బిగించింది. పెద్దవాళ్లను పెద్దవాళ్లుగా చూస్తూనే ఆటలో ముళ్లు ఏరే ప్రయత్నం చేసింది. అది చాలిందా లేదా అన్నది వేరే చర్చ. దలాల్ స్ట్రీట్‌లో లక్షలు పోగొట్టుకునేవాడికి ఉన్న విచక్షణ రమ్మీలో రెండు వేలు పోగొట్టుకునేవాడికి లేదని ఏ శాస్త్రం చెప్పింది? స్వేచ్ఛ గురించి మాట్లాడటం డబ్బున్నవాళ్ల విలాసమంటారు. ఈ దేశంలో డబ్బున్నవాడి జూదం ఏదీ ఆగలేదు.

స్వేచ్ఛ దగ్గరికే వద్దాం. జూదం వ్యాపారం కాదు, దానికి రాజ్యాంగ రక్షణ లేదని 1957లోనే చమర్‌బాగ్‌వాలా కేసులో సుప్రీంకోర్టు తేల్చిందని నిషేధవాదులు గుర్తుచేస్తారు. అదే తీర్పు నైపుణ్యపు పోటీలను పక్కకు తీసిన సంగతి అంత గట్టిగా చెప్పరు. పదేళ్ల తర్వాత ఆ గీతను స్పష్టంగా గీసిన కేసు మన సికింద్రాబాదుదే. 1963 మేలో క్రెసెంట్ రిక్రియేషన్ క్లబ్బు మీద పోలీసులు పడ్డారు, రమ్మీ ఆడుతున్నవారిని పట్టుకున్నారు. కేసు ఢిల్లీ దాకా పోయింది. మూడు ముక్కలాట పూర్తిగా అదృష్టమనీ, రమ్మీలో ముక్కలు గుర్తుపెట్టుకోవాలి, పట్టుకోవడంలో, పారేయడంలో నేర్పు కావాలి కనుక అది ముఖ్యంగా నైపుణ్యపు ఆటేననీ జస్టిస్ హిదయతుల్లా రాశారు. అయితే ఆ ఆట మీద నిర్వాహకుడు లాభం గుంజుకుంటుంటే నేరం కావచ్చని కూడా ఆ తీర్పు తలుపు తెరిచే ఉంచింది. ఆడేవాడి స్వేచ్ఛ వేరు, ఆడించేవాడి లాభం వేరు. అరవై ఏళ్ల కిందటి న్యాయమూర్తికి కనిపించిన ఈ తేడా 2025లో పార్లమెంటుకు కనిపించలేదు.

కొత్త చట్టంలో ఎవరూ పెద్దగా మాట్లాడని మూల ఇంకొకటి ఉంది. అధికారం పొందిన అధికారి వారంటు లేకుండా సోదా చేయవచ్చు, అనుమానం మీద అరెస్టు చేయవచ్చు. సోదా చేసే స్థలం అంటే ఇల్లూ వాకిలీ మాత్రమే కాదు, కంప్యూటర్, ఎలక్ట్రానిక్ రికార్డులు, డిజిటల్ స్థలం కూడా. అవసరమైతే పాస్‌వర్డును దాటుకుని పోవచ్చు. ఆటలు నడిపినా, వాటికి డబ్బు చెల్లింపులు జరిపినా బెయిలు రాని నేరం. ఆడేవాడు బాధితుడే కావచ్చు గానీ, అతని ఫోన్ సాక్ష్యం. గోప్యత ప్రాథమిక హక్కని పుట్టస్వామి కేసులో తొమ్మిదిమంది న్యాయమూర్తులు ఏకగ్రీవంగా చెప్పింది 2017లో, అంటే తెలంగాణ ఆర్డినెన్సు వచ్చిన ఏడాదే. జూదం అంటే గిట్టనివాళ్లకు కూడా ఈ మూల నచ్చకూడదు. రమ్మీ ముఖం చూడని మనిషి ఫోన్‌కు కూడా ఇదే అధికారం వర్తిస్తుంది.

సారా ఉద్యమం పేరు చెప్పి నోరు నొక్కేవాళ్లూ ఉన్నారు. 1992లో నెల్లూరు జిల్లా దూబగుంట ఆడవాళ్లు సారా దుకాణాలు మూయించారు కదా, నిషేధం పనిచేయదని ఎలా అంటారని. ఆ ఉద్యమం గొప్పది, 1993లో వచ్చిన సారా నిషేధమూ సబబే. ఆ దుకాణం ఊళ్లో ఉంది, పాటదారు ఎవరో ఊరికి తెలుసు, కాపలా కాసింది ఊరే. 1995లో ఎన్టీఆర్ సంపూర్ణ మద్యనిషేధానికి దిగేసరికి కథ మారింది. పక్క రాష్ట్రాల సరిహద్దుల నుంచి సరుకు దిగింది, దొంగ సారా బట్టీలు వెలిశాయి, ఖజానా ఖాళీ అయింది, రెండేళ్లకే 1997లో చంద్రబాబు నాయుడు దాన్ని ఎత్తేయవలసి వచ్చింది. లారీని ఆపడానికి కనీసం చెక్‌పోస్టు ఉండేది. వీపీఎన్‌కు అదీ లేదు.

నిషేధం కాకపోతే ఇక విచ్చలవిడితనమే అన్నట్టు మాట్లాడటం ఈ చర్చకు పట్టిన జబ్బు. బ్రిటన్ 2005లో చట్టం తెచ్చి జూదానికి పగ్గాలు మరీ వదులుగా ఇచ్చింది, ప్రకటనల వరదలో మునిగింది, కుటుంబాలు నాశనమయ్యాయి. ఆ తర్వాత బిగించడం మొదలుపెట్టింది. బెట్టింగ్ దుకాణాల్లోని యంత్రాల మీద ఒక్క పందేనికి వంద పౌండ్లున్న పరిమితిని 2019 ఏప్రిల్‌లో రెండు పౌండ్లకు దించింది. 2020లో క్రెడిట్ కార్డుతో జూదం ఆడటాన్ని ఆపింది, అంటే అప్పు చేసి ఆడే దారుల్లో పెద్దదాన్ని మూసింది. తనను తాను వెలివేసుకోదలచినవారికి గామ్‌స్టాప్ అనే ఏర్పాటులో చేరడం లైసెన్సున్న ప్రతి ఆన్‌లైన్ కంపెనీకీ తప్పనిసరి చేసింది. ఒక్కచోట పేరు రాస్తే అన్నిచోట్లా ఖాతా మూతపడుతుంది. 2025లో ఆన్‌లైన్ స్లాట్ ఆటలకు అయిదు పౌండ్ల పరిమితి పెట్టి, పాతికేళ్లలోపు వాళ్లకు దాన్ని రెండు పౌండ్లకు తగ్గించింది. బ్రిటన్ స్వర్గమేమీ కాదు, అక్కడా ఇంకా ప్రాణాలు పోతున్నాయి. కానీ చేసిన తప్పు దిద్దుకునే వీలు వాళ్లకుంది, ఎందుకంటే కంపెనీలు చేతికందే దూరంలో ఉన్నాయి.

అంత దూరం పోనక్కర్లేదు, చెన్నై చాలు. తమిళనాడు కూడా మొదట నిషేధమే అంది. 2023 నవంబర్‌లో మద్రాసు హైకోర్టు రమ్మీ, పోకర్‌లను పూర్తిగా నిషేధించడం చెల్లదని, నియంత్రణ మాత్రం చేసుకోవచ్చని చెప్పింది. ఆ తీర్పు ప్రభుత్వానికి మేలే చేసింది. బుర్ర పెట్టి నియమాలు రాయవలసిన పని పడింది మరి. 2025 ఫిబ్రవరిలో వచ్చిన ఆ నియమాల ప్రకారం అర్ధరాత్రి పన్నెండు నుంచి తెల్లవారుజామున అయిదు దాకా ఆట బంద్. ఆధార్ ఓటీపీతో గుర్తింపు తప్పనిసరి, పద్దెనిమిదేళ్లు నిండనివాళ్లకు ప్రవేశం లేదు. గంట దాటి ఆడుతుంటే ప్రతి అరగంటకూ హెచ్చరిక తెర మీదికి రావాలి. రోజుకు, వారానికి, నెలకు డబ్బు పరిమితి ఉండాలి. కంపెనీలు కోర్టుకెక్కాయి, స్వేచ్ఛ అన్నాయి, గోప్యత అన్నాయి. జూన్‌లో హైకోర్టు నియమాలనే సమర్థించింది. ఇది కదా తెలుగు ప్రభుత్వాలు చూసి నేర్చుకోవలసిన పని! ఆధార్ అడగడంలో గోప్యత చిక్కులున్నాయి, వాటిని సరిచేయవచ్చు. నష్టాల పరిమితిని కంపెనీకి వదలకుండా ప్రభుత్వమే నిర్ణయించాలనీ వాదించవచ్చు. వాదించడానికి అక్కడ ఒక నియమమంటూ ఉంది.

ఆ నియమాలకు గట్టిగా ఏడాది గడువైనా దొరకలేదు. హైకోర్టు తీర్పు వచ్చిన రెండున్నర నెలలకే కేంద్ర చట్టం పడింది, నియమాలు వర్తించవలసిన కంపెనీలు డబ్బు ఆటలు మానుకున్నాయి. అర్ధరాత్రి బంద్ వల్ల తమిళనాట అప్పులు తగ్గాయా, హెచ్చరిక చూసి ఎవరైనా లేచి వెళ్లారా అన్నది కొలిచే అవకాశం పోయింది. ఏ23 కర్ణాటక హైకోర్టుకు వెళ్లింది, మరికొందరు వేరే కోర్టులకు వెళ్లారు, ఆ కేసులన్నిటినీ సుప్రీంకోర్టు తన దగ్గరికి తెప్పించుకుంది. అక్కడ కంపెనీల తరఫున లాయర్లు వ్యాపార హక్కు గురించి మాట్లాడతారు, ప్రభుత్వం తరఫున లాయర్లు ఆత్మహత్యల గురించి మాట్లాడతారు. తెలంగాణలో 2017 నుంచి, ఆంధ్రప్రదేశ్‌లో 2020 నుంచి నిషేధం అమలులో ఉండగా ఎన్ని కుటుంబాలు విదేశీ యాప్‌లకు బలయ్యాయో ఆ రెండు ప్రభుత్వాలనూ లెక్క అడిగి, దాన్ని ధర్మాసనం ముందు పెట్టేవాళ్లు కావాలి.